బైరాగి పేరున్న ప్యాకేజీ

ఆదివారం పొద్దున్న సుజన ఇంకా మొహం కడుక్కోకముందే ఆమె తండ్రి బైరాగి ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లను వెంటబెట్టుకొచ్చి కంప్యూటర్ తెరవమన్నాడు.

"ఏటి నాన్నా, పొద్దున్నే?"

"మన రత్నం నమ్మడం లేదే. పేరు సూపించు. ఒక్కసారి."

వెంకటరత్నం కోల్‌కతా ఖిదిర్‌పూర్ రేవులో బైరాగితో పాటు ఓడల మీద కంటెయినర్లను గొలుసులతో, ఇనప కడ్డీలతో బిగించే పనిచేసి రిటైరైనవాడు. ఇప్పుడు గార్డెన్ రీచ్‌లో అదే సందులో, ఎదురింట్లో ఉంటాడు. దేన్నీ ఒక పట్టాన నమ్మడు. వెనకాలే వచ్చిన దుర్గాంబ ఆయన భార్య. ఆవిడ పేరు చూడ్డానికి రాలేదు, టీ తాగడానికి వచ్చింది. ఆ మాట గుమ్మంలోనే సుజన తల్లి అమ్మన్నమ్మతో చెప్పేసింది.

సుజన మంచం మీదే లాప్‌టాప్ తెరిచి ప్యాకేజీ పేజీ పెట్టింది. బైరాగి తెర మీద వేలు ఆనించాడు.

"ఇదిగో. ఇది దాని పేరు. పక్కనున్నది నా పేరు. 'బి' తోటి మొదలయినాదా లేదా?"

బైరాగికి ఇంగ్లిషు చదవడం రాదు. తన పేరు ఆకారం రేషన్ కార్డు మీద చూసి చూసి గుర్తుపడతాడు. సుజనను బళ్లో వేసినప్పుడు అక్కడి గుమాస్తా తండ్రి పేరునే ఇంటిపేరుగా రాసేశాడు. బెంగాల్లో బైరాగి అనేది ఇంటిపేరే కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు, బైరాగికి అభ్యంతరం లేకపోయింది. ఇరవయ్యేళ్లు దాటాక, ఆ గుమాస్తా పుణ్యమా అని, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉచితంగా సర్ది పంచే ఒక డిస్ట్రిబ్యూషన్‌లో పైథాన్ నోట్‌బుక్ ప్యాకేజీని చూసుకునేవాళ్ల పేర్లలో ఆయన పేరు కూడా ఎక్కింది.

"నెలకి ఎంతిస్తారేటి?" అన్నాడు వెంకటరత్నం.

"ఏమీ ఇవ్వరు పెదనాన్నా. ఇష్టమైనోళ్లు చేస్తారు."

"ఊరికినేనా? అయితే నా పేరు కూడా ఎక్కించీమ్మా. నానూ ఊరికినే ఉన్నాను గదా."

"నీకేటి తెల్సు, ఊరుకో," అని బైరాగి కసిరాడు. "సరుకు ఎవుడిదో. అది సర్ది, కట్టి, దిగినకాడ ఊడిపోకండా పంపడం ఈళ్ల పని. మనం సేసిందీ అదే గదా. మనం బిగించింది ఎక్కడైనా జారిందేటి, సెప్పు?"

"జార్లేదు," అని ఒప్పుకున్నాడు వెంకటరత్నం. ఆ ఒక్క విషయంలో ఆయన ఎప్పుడూ అడ్డం చెప్పడు.

అలా పోల్చి చెప్పింది సుజనే, రెండేళ్ల కిందట. ఇప్పుడా మాట తండ్రి నోట వింటుంటే ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. పేరుకు కాస్త కింద, కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే వాక్యం ఉంది. ఆ గదిలో దాన్ని చదవగలిగినది ఆమె ఒక్కతే. అయినా పేజీని కిందికి జరిపి, వాక్యం కనబడకుండా చేసింది.

ఆ వాక్యం అబద్ధం.

సుజనకు ఇరవై తొమ్మిదేళ్లు. మెటియాబ్రుజ్‌లో చిన్నపిల్లల గౌన్లు కుట్టించి హోల్‌సేల్‌గా అమ్మే ఒక షేటు దగ్గర కంప్యూటర్లు, బిల్లులు, ఆర్డర్లు చూస్తుంది. సాయంత్రాలూ ఆదివారాలూ ప్యాకేజీల పని. పైథాన్ నోట్‌బుక్ అంటే ప్రోగ్రామ్ రాసి, అక్కడికక్కడే దాని ఫలితాన్నీ గ్రాఫునూ చూసుకోవడానికి వీలిచ్చే సాఫ్ట్‌వేర్. కాలేజీల్లో, పరిశోధనశాలల్లో బాగా వాడతారు. దాన్ని రాసేవాళ్లు వేరే. ఒక్క కమాండ్‌తో కంప్యూటర్లోకి దిగి, గొడవ చేయకుండా నడిచేలా సర్దిపెట్టేవాళ్లు సుజనలాంటివాళ్లు. ఎవరూ ఎవరికీ జీతమివ్వరు కాబట్టి ఈ పని మొత్తం ఒకరి మాట మీద ఒకరికున్న నమ్మకంతో నడుస్తుంది.

ఆ డిస్ట్రిబ్యూషన్‌లో ఒక నియమం ఉంది, దాన్ని సడలించరు. లోపల పెట్టే ప్రతి ముక్కా మనుషులు చదవగలిగే సోర్స్ కోడ్ నుంచే తయారవ్వాలి. అదీ ఇంటర్నెట్ లేని మెషీన్ మీద. ఎవరో ఎక్కడో తయారుచేసిన ఫైలు తెచ్చి పెట్టేస్తే అందులో ఏముందో ఎవరికీ తెలియదు, రేపు దోషం బయటపడితే దిద్దడం ఎవరి తరమూ కాదు. నోట్‌బుక్‌లో తెర మీద గ్రాఫులు చూపించే భాగం దగ్గర చిక్కంతా వచ్చింది. దాన్ని సోర్స్ నుంచి కట్టాలంటే వందల చిన్న చిన్న ముక్కలు కావాలి. మామూలుగా అవి ఇంటర్నెట్ నుంచి దిగుతాయి. ఇంటర్నెట్ లేకుండా కట్టాలంటే ఒక్కోదాన్నీ విడిగా ప్యాకేజీ చేయాలి.

"అది నాకొదిలేయండి, నేను చేస్తాను," అని జట్టులో అందరికంటే ముందు రాసింది సుజనే. ఒకరు పూనుకున్న పనిలో ఇంకొకరు వేలు పెట్టకపోవడం అక్కడి మర్యాద. అందుకని మూడు నెలలు ఎవరూ దాని జోలికి పోలేదు. కొత్త విడుదలకు ముందు మార్పులన్నీ ఆపేసే గడువు దగ్గరపడింది. ఆ లోపల పని అవ్వకపోతే నోట్‌బుక్ ఆ విడుదలలోనే ఉండదు. ముక్కలు విప్పేకొద్దీ ఇంకొన్ని ముక్కలు బయటపడుతున్నాయి. ఒక శుక్రవారం షేటు కొట్లో పండగ ఆర్డర్లు, ఇంట్లో అమ్మకు జ్వరం. ఆ రోజు సుజన, నోట్‌బుక్ రచయితలు తయారుచేసి ఉంచిన ఫైలునే తీసుకుని ప్యాకేజీలో ఒక మూల పెట్టింది. కట్టే పనిముట్టు దొరక్కపోతే ఆ ఫైలును కాపీ చేయమని, కట్టే ఆదేశాలుండే బిల్డ్ స్క్రిప్టులో ఒక లైను రాసింది. ఇంటర్నెట్ లేని మెషీన్ మీద పనిముట్టు ఎప్పుడూ దొరకదు, కాబట్టి ప్రతిసారీ జరిగేది కాపీయే. వారంలో సరిచేద్దామనుకుంది. అనుకుని, మార్పుల దగ్గర "ఇకపై సోర్స్ నుంచే బిల్డ్ అవుతుంది" అని రాసింది.

ప్యాకేజీని నేరుగా ఎక్కించే హక్కు సుజనకు లేదు. ఆ హక్కున్నవాళ్లు పరిశీలించి, తమ సంతకంతో ఎక్కించాలి. ఆమెకు సంతకం చేసేది అమూల్య. హైదరాబాద్ నుంచి వచ్చి దక్షిణ కోల్‌కతాలో ఒక కాలేజీలో గణితం చెబుతుంది. మొదట్లో అమూల్య ప్రతి లైనూ చదివేది. ఒక్క ఖాళీ ఎక్కువైనా తిప్పి పంపేది. ఆర్నెల్లకు సగం చదవడం మొదలుపెట్టింది. ఈసారి గంటలో సంతకం చేసి ఎక్కించేసింది. కింద అభినందనలు పడ్డాయి. వారం గడిచింది, నెలా గడిచింది. ఎవరూ పట్టుకోలేదు. ఎవరైనా పట్టుకుంటే బాగుండునని సుజన రోజూ అనుకునేది, రోజూ భయపడేది కూడా.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమూల్య కాలేజీలో ప్యాకేజీలు చేసేవాళ్ల నెలవారీ కలయిక ఉంది. దుర్గాంబ రెండో టీ తాగుతుండగా సుజన బయల్దేరింది. బస్సులో గడువు గురించీ గ్రాఫుల గురించీ ఆలోచించలేదు. ఇవాళ ఎవరూ ఆ ప్యాకేజీ ప్రస్తావన తేకపోతే చాలనుకుంది.

గదిలో పదిమందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది కొత్తవాళ్లు. అమూల్య ఆమెను చూడగానే కుర్చీ జరిపింది.

"వచ్చినవా! కూర్చోకు, కూర్చోకు. ముందు నీదే. ఆ గ్రాఫుల బిల్డ్ వీళ్లకు చూపించు. నేను చెప్తే పాఠం లెక్క ఉంటది, నువ్వు చేస్తే పని లెక్క ఉంటది."

"అక్కా, ఇవాళ తలనొప్పిగా..."

"పది నిమిషాలు. తలనొప్పికి టీ తర్వాత ఇప్పిస్త."

సుజన లాప్‌టాప్ తగిలించింది. అమూల్య అందరికీ కనబడేలా వైఫై ఆపేసి, "చూడండి, నెట్ లేదు," అంది. సుజన కమాండ్ ఇచ్చింది. తెర మీద లైన్లు పరుగెత్తాయి. ఆ ఒక్క లైను దగ్గర ఫైలు చడీ చప్పుడు లేకుండా కాపీ అయ్యింది. ఏ మెషీన్‌కూ అంత తొందరగా కట్టడం సాధ్యం కాదని అనుభవమున్నవాళ్లెవరైనా గమనించేవారు. ఆ గదిలో సుజన కాక అలాంటి అనుభవమున్నది అమూల్య ఒక్కతే. ఆమె తెరను చూడకుండా కొత్తవాళ్ల ముఖాలు చూస్తోంది. బిల్డ్ అయిపోయింది. చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి లాప్‌టాప్ పట్టుకుని ముందుకొచ్చింది. పేరు శ్రీపర్ణ. నోట్‌బుక్‌లో మ్యాపులు చూపించే ఇంకో ప్యాకేజీ ఆమె చేతిలో ఉంది. అక్కా అనడానికి పేరు చివర 'దీ' చేరుస్తూ బెంగాలీలో గబగబా మాట్లాడింది.

"సుజనాదీ, మీరు రాసిన స్క్రిప్టునే అక్షరం పొల్లుపోకుండా దించాను. రెండు వారాల నుంచి కుస్తీ పడుతున్నాను. చివర్లో ఒక ఫైలు లేదంటుంది. అది బిల్డ్‌లో తయారవ్వాలి కదా? మీ దగ్గర తయారవుతోంది, నా దగ్గర అవ్వడం లేదు. నేనేం తప్పు చేస్తున్నాను?"

ఆమె స్క్రిప్టులో తప్పేమీ లేదు. సుజన స్క్రిప్టులాగే అది కూడా ఏమీ కట్టడం లేదు. కాపీ చేయడానికి మూలన ఫైలు లేదు, అంతే తేడా.

సుజన తెర మీదికి వంగి, చాలాసేపు చదువుతున్నట్టు ఉండిపోయింది.

"పాత వెర్షన్‌తో ప్రయత్నించి చూడు," అంది చివరికి.

"ప్రయత్నించాను."

"ఇంకా పాతదాంతో."

శ్రీపర్ణ తలూపి ఆ మాట రాసుకుంది. ఆ శుక్రవారం రాసిన వాక్యానికైనా అమ్మ జ్వరం, పండగ ఆర్డర్లు సాకుగా ఉన్నాయి. ఇప్పుడు చెప్పినదానికి ఏ సాకూ లేదు.

కలయిక అయ్యాక అమూల్య ఆమెను గేటు బయట టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లింది. మట్టి కప్పు చేతికిస్తూ చెప్పింది.

"నీకు సొంతంగా ఎక్కించుకునే హక్కు ఇమ్మని సిఫార్సు రాసిన. బుధవారం తేలుస్తరు. ఏం రాసిన్నో తెలుసా? ఈమె పని నేను చూడకుండానే సంతకం పెట్టగలను అని."

"చూడకుండానా?"

"మొన్నటిది చూడలేదు నిజంగా. నువ్వు రాసినవ్, చాలు." అమూల్య నవ్వింది. "ఏమైంది? అట్ల చూస్తున్నవేంది?"

"ఏమీ లేదక్కా. తలనొప్పి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని ఆమెకు తెలుసు. టీ అయ్యేదాకా నిలబడింది. కప్పు పడేసింది. బస్సెక్కింది.

సోమవారం షేటు కొట్లో కుట్టు మిషన్ల హోరు మధ్య బిల్లులు కొడుతుండగా ఫోన్లో మెసేజ్ వచ్చింది. శ్రీపర్ణ. అది సుజన ఒక్కదానికే కాదు, జట్టు మొత్తానికీ పంపింది.

"మ్యాపుల ప్యాకేజీని వదిలేస్తున్నాను. సుజనాదీ పద్ధతిలో ఎంత ప్రయత్నించినా నావల్ల కాలేదు. అంత సులువుగా చేసి చూపించాక కూడా రాలేదంటే నాకు ఈ పనికి తగిన బుర్ర లేదనే అర్థం. సుజనాదీ, మీకు వీలైతే మీరు తీసుకోండి. మీ టైము పాడుచేసినందుకు క్షమించండి."

సుజన దాన్ని రెండుసార్లు చదివింది. షేటు దూరం నుంచి, "దిది, ఆ బెహాలా కొట్టు బిల్లు అయ్యిందా?" అని అరిచాడు. "అవుతోంది," అని చెప్పి బిల్లు పూర్తి చేసింది. తర్వాత భోజనం డబ్బా తీసుకుని మేడ మెట్ల మీదికి వెళ్లి, డబ్బా తెరవకుండా లాప్‌టాప్ తెరిచింది.

ఆ డిస్ట్రిబ్యూషన్‌లో దేనిలో దోషమున్నా ఎవరైనా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఎంత తీవ్రమో కూడా రాయాలి. సుజన తన ప్యాకేజీ మీద తానే ఫిర్యాదు రాసింది. తీవ్రత దగ్గర, ప్యాకేజీని విడుదల నుంచి తొలగించడానికి సరిపోయే స్థాయి పెట్టింది. కింద నాలుగు వాక్యాలు: గ్రాఫుల భాగం సోర్స్ నుంచి తయారవ్వడం లేదు. తయారై ఉన్న ఫైలును కాపీ చేసే లైను నేనే రాశాను. తెలిసే అబద్ధం రాశాను. శ్రీపర్ణ స్క్రిప్టు పనిచేయకపోవడానికి కారణం ఇదే, ఆమె తప్పు ఏమీ లేదు.

పంపే ముందు అమూల్యకు ఫోన్ చేయాలనుకుంది. నంబరు తీసింది. చేయలేకపోయింది. ఫిర్యాదు పంపేసింది. జట్టులో అందరితో పాటే అమూల్య కూడా చదువుకుంటుంది. ఎవరి గొంతూ వినక్కర్లేదు.

అరగంటలో అమూల్యే ఫోన్ చేసింది.

"చదివిన."

"అక్కా..."

"నిన్న నా పక్కన నిలబడి టీ తాగినవ్."

కింద మిషన్లు ఒక్కసారిగా ఆగాయి, భోజనాల వేళ.

"ఫైలు పెట్టడం గురించి కాదు నేను మాట్లాడేది," అంది అమూల్య. "అట్లాంటివి పదిమంది చేస్తరు, దిద్దుకుంటరు. వైఫై నా చేత్తో ఆపిన కదా, పిల్లల ముందు. అప్పుడు చెప్పొచ్చు. టీ దగ్గర చెప్పొచ్చు. ఇందాక ఫోన్ చెయ్యొచ్చు. నా సంతకం ఉన్నదాని గురించి నేను అందరితో పాటు చదువుకోవాల్నా?"

"భయమేసిందక్కా."

"నేనంటేనా?"

"అవును."

"సిఫార్సు వెనక్కి తీసుకుంటున్న. చూడకుండా సంతకం పెట్టింది నేను. అది నేను రాసుకుంట. నీదానికి నువ్వు జవాబు చెప్పుకో." ఫోన్ పెట్టేసింది.

సుజన డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని, మళ్లీ బిల్లుల దగ్గరికి వెళ్లింది.

సాయంత్రం ఆటో దిగి సందులోకి మలుపు తిరిగేసరికి బైరాగి, వెంకటరత్నం అరుగు మీద ఉన్నారు. "అదిగో, ఊరికినే సేసే మేడమ్ వచ్చినాది," అన్నాడు వెంకటరత్నం. బైరాగి నవ్వాడు. సుజన లోపలికి వెళ్లి, తండ్రి వచ్చేదాకా ఆగింది. అమ్మన్నమ్మ కూర కలుపుతోంది.

"నాన్నా, ఆ ప్యాకేజీ తీసేస్తారు."

"ఏటి? ఎవులు?"

"నాను తప్పు సేశాను. బిగించకుండానే బిగించీశానని రాశాను."

బైరాగి కండువా చిలక్కొయ్యకు తగిలించబోయి ఆగిపోయాడు. ముప్పయ్యేళ్లు ఓడల మీద పనిచేసిన మనిషికి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

"ఎవులికైనా తగిలిందేటి?"

"ఒకమ్మాయికి. దెబ్బ కాదు నాన్నా. తనకి పని రాదనుకుని మానేసింది."

"తప్పు నీదని ఆ గుంటకి తెల్సా?"

"ఇయాల రాశాను. అందరికీ."

"నిన్న రత్నానికి సూపించినప్పుడు నీకు తెల్సా?"

"తెల్సు."

అమ్మన్నమ్మ గరిటె ఆపి, "పోనీ లెండి, పిల్ల సెప్పింది గదా," అంది. బైరాగి ఆమె వైపు చూడలేదు. మంచం మీద కూర్చుని, కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"రత్నానికి ఏటి సెప్పను?"

"నాను సెప్తాను నాన్నా."

"వొద్దు. నా పేరు. నాను సెప్తాను."

ఏం చెప్పాడో సుజనకు తెలియదు. మర్నాడు పొద్దున్న ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. వెంకటరత్నం ఎదురింట్లోంచి బయటికొచ్చి, సుజన పనికి వెళ్తుంటే చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు ఏమీ అనలేదు. ఆయన వేళాకోళం చేసి ఉంటే తేలిగ్గా ఉండేదని ఆటోలో కూర్చున్నాక ఆమెకు అనిపించింది.

బుధవారం సుజన పేరు చర్చకు రాలేదు. మరో రెండు వారాలకు ప్యాకేజీ విడుదల జాబితాలోంచి పోయింది. ఇక ఆ విడుదలలో నోట్‌బుక్ ఉండదు, గ్రాఫులూ ఉండవు. ఒక పరిశోధనశాల నుంచి ఎవరో ఎందుకు తీసేశారని అడిగారు. సుజన తన ఫిర్యాదు చిరునామా ఇచ్చింది, ఇంకేమీ రాయలేదు. శ్రీపర్ణకు విడిగా క్షమాపణ రాసింది. ఐదు రోజులకు జవాబు వచ్చింది: "రెండు వారాలు నేను సరిగ్గా నిద్రపోలేదు." అంతే. ఆ కింద, ఇంకో రెండు రోజులకు, మరో లైను: "ఆ ముక్కల జాబితా పంపండి. సగం నేను చూస్తాను."

సుజన ప్యాకేజీలు ఇప్పటికీ అమూల్య సంతకంతోనే వెళ్తున్నాయి. అమూల్య మొదటి రోజుల్లోలాగా ప్రతి లైనూ చదువుతుంది. మొన్నటిది మూడుసార్లు తిప్పి పంపింది. సందేశాల్లో పని మాట తప్ప వేరే మాట ఉండదు. బైరాగి కంప్యూటర్ తెరవమని మళ్లీ అడగలేదు.

గ్రాఫుల భాగాన్ని నిజంగా సోర్స్ నుంచి కట్టడానికి విడిగా ప్యాకేజీ చేయాల్సిన ముక్కలు రెండు వందల పద్నాలుగు. పోయిన ఆదివారానికి తొమ్మిది అయ్యాయి.